హోటల్లో పనివాళ్లు నిలవాలంటే: రూమ్ నుంచి రిటర్న్ టికెట్ దాకా

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ రెస్టారెంట్ ఓనర్‌ని కదిపినా ముందు వినిపించేది గ్యాస్ ధర గురించో చికెన్ రేటు గురించో కాదు. "గిరాకీ ఉంది సార్, చేసే మనుషులే లేరు" అంటారు. సప్లయర్, అంటే టేబుళ్ల దగ్గర వడ్డించేవాడు, పండక్కని వెళ్లి ఫోన్ ఎత్తడు. తందూరీ మాస్టర్ పక్క వీధిలో కొత్తగా తెరిచిన చోటికి వెళ్లిపోతాడు, పోతూ పోతూ తన ఊరి కుర్రాళ్లు నలుగుర్నీ తీసుకుపోతాడు. శనివారం రాత్రి క్యాషియరే ప్లేట్లు ఎత్తాల్సి వస్తుంది.

ఇరవై నుంచి యాభై మంది స్టాఫ్ ఉన్న హోటళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. వాళ్లలో సగానికి పైగా ఒడిశా, బెంగాల్, బీహార్, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవాళ్లే అనుకుందాం. ముందే ఒక మాట ఒప్పుకుందాం. ఊరికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో బతుకుతున్న మనిషి ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇంటికి వెళ్లి తీరతాడు. జీతం పట్టి ఉంచినా, ఆధార్ కార్డు లాక్కున్నా ఆ ప్రయాణం ఆగదు. చెప్పి వెళ్లాల్సినవాడు చెప్పకుండా వెళ్తాడు, అంతే తేడా. అందుకే ఈ పద్ధతులన్నీ అతను వెళ్లి, మళ్లీ మీ దగ్గరికే రావడం చుట్టూ అల్లుకున్నవి.

మొదటి అడుగు: ఎవరు, ఎప్పుడు పోతున్నారో రాసుకోండి

గత పన్నెండు నెలల హాజరు పుస్తకం తీయండి. మానేసిన ప్రతి ఒక్కరి పేరు పక్కన చేరిన తేదీ, మానేసిన తేదీ, పని, ఊరు, తెచ్చినవాళ్లు ఎవరు అన్నవి రాయండి. మానేసినవాళ్ల సంఖ్యని సగటు స్టాఫ్ సంఖ్యతో భాగించి 100తో గుణిస్తే ఏడాది టర్నోవర్ శాతం, అంటే మనుషులు మారే శాతం, వస్తుంది. 30 మంది ఉన్న చోట 24 మంది మానేస్తే 80 శాతం.

అయితే ఈ ఒక్క అంకె మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ఆ 24 మందినీ మూడు కుప్పలుగా విడగొట్టండి: నెలలోపే పోయినవాళ్లు, నెల నుంచి ఆరు నెలల మధ్య పోయినవాళ్లు, ఆ తర్వాత పోయినవాళ్లు. మొదటి కుప్ప పెద్దదైతే తప్పు తెచ్చుకునే తీరులో, రూమ్‌లో, మొదటి వారంలో ఉంది. రెండోది పెద్దదైతే క్యాప్టెన్ (సప్లయర్ల మీద పెద్ద) నోటిని, జీతం తేదీని చూడాలి. మూడో కుప్ప పెద్దదంటే మనిషి పని నేర్చుకున్నాడు కానీ జీతం మాత్రం చేరిననాటి దగ్గరే ఆగిపోయిందని అర్థం. మూడింటికీ మందులు వేరు. అందరికీ కలిపి ఐదొందలు పెంచేస్తే ఖర్చు పెరుగుతుంది, ఏ కుప్పా తగ్గదు.

తర్వాత ఒక మనిషి పోతే ఎంత పోతుందో లెక్కేయండి. 15,000 జీతం ఉన్న సప్లయర్ నెల తిరక్కుండానే పోయాడనుకోండి. ఏజెంటుకి 3,000, టికెట్టూ యూనిఫామూ కలిపి 2,000. పని నేర్చుకునే పది రోజుల జీతంలో సగం, అంటే 2,500, వృథా. అతని ఖాళీలో నాలుగు రోజులు ఇంకొకరితో డబుల్ డ్యూటీ చేయిస్తే రెట్టింపు లెక్కన 4,000. మొత్తం 11,500. ఇవి ఉదాహరణ అంకెలే, మీవి మీరు వేసుకోండి. ఇలాంటివాళ్లు ఏడాదికి 20 మంది ఉంటే 2,30,000 పోయినట్టు. రూమ్ బాగు చేయించడానికీ, టికెట్లకీ బడ్జెట్ ఎక్కడిదంటే ఇక్కడిదే.

రెండో అడుగు: తెచ్చుకునేటప్పుడే నిజం చెప్పండి

ఏజెంటు ఫోన్లో చెప్పేది ఒకటి, ఇక్కడ కనిపించేది ఇంకొకటి. "ఎనిమిది గంటల డ్యూటీ, ఫుడ్ ఫ్రీ, టిప్స్ బాగా వస్తాయి" అని విని రైలెక్కిన కుర్రాడు ఇక్కడికొచ్చి బ్రేక్ డ్యూటీ చూస్తాడు. పొద్దున పదకొండు నుంచి నాలుగు, మళ్లీ సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పదకొండున్నర. మూడో రోజే అతనికి తప్పించుకునే ఆలోచన మొదలవుతుంది.

రైలెక్కక ముందే మీరో మీ మేనేజరో అతనితో నేరుగా వీడియో కాల్లో మాట్లాడాలి. హిందీ రాకపోతే మీ దగ్గరున్న ఒడియా కుర్రాడి చేత మాట్లాడించండి. డ్యూటీ వేళలు, చేతికొచ్చే జీతం, జీతం తేదీ, వారంలో సెలవు ఏ రోజు, రూమ్‌లో ఎంతమంది అన్నవి చెప్పండి. ఫోన్ తిప్పి రూమ్ చూపించండి. పది మందిలో ముగ్గురు అక్కడే వద్దనేస్తారు. ఆ ముగ్గురూ వచ్చి మానేసేవాళ్లే కాబట్టి మీకు మిగిలినట్టే లెక్క.

ఇంకో జాగ్రత్త: ఒకే ఊరి నుంచి, ఒకే మేస్త్రీ ద్వారా కిచెన్ మొత్తం నింపొద్దు. చేర్చుకునేటప్పుడు సుఖంగానే ఉంటుంది, ఒక్క ఫోన్‌తో ఎనిమిది మంది దిగుతారు. ఆ మేస్త్రీకి మీతో మాట తేడా వచ్చిన రోజు ఎనిమిది మందీ కలిసే లేస్తారు. కనీసం రెండు మూడు ప్రాంతాల వాళ్లని కలిపి పెట్టుకోండి. తెచ్చినవాడిని వాళ్ల మీద సూపర్‌వైజర్‌గా పెట్టకండి. అన్నింటికంటే ముఖ్యం, జీతం ఎవరిది వాళ్ల బ్యాంకు ఖాతాలోనే పడాలి. మాస్టర్ చేతికి మొత్తం ఇచ్చి "పంచెయ్" అనే అలవాటు ఇంకా చాలా చోట్ల ఉంది. అలాంటి చోట కుర్రాళ్లు మీ స్టాఫ్ కారు, మాస్టర్ మనుషులు. వాళ్లని నిలబెట్టుకోవడం గురించి మీరు ఆలోచించడమే దండగ.

మూడో అడుగు: మొదటి ఏడు రోజులు

స్టేషన్ నుంచి దిగినవాడిని దిగినట్టే సాయంత్రం డ్యూటీకి దింపకండి. ఆ రాత్రి పడుకోనివ్వండి. మర్నాడు రూమ్‌లో అతని మంచం, లాకర్, తాళంచెవి చూపించండి. అదే ప్రాంతం నుంచి వచ్చి కనీసం ఆరు నెలలు పనిచేసినవాడిని జోడీగా ఇవ్వండి. కొత్తవాడు నెల నిలిస్తే జోడీకి వెయ్యి రూపాయలు, మూడు నెలలు నిలిస్తే ఇంకో వెయ్యి. ఏజెంటుకి ఇచ్చే దానికన్నా ఈ డబ్బుకి ఫలితం ఎక్కువ.

కొత్త సప్లయర్‌కి మొదటి రెండు రోజులు టేబుల్ ఇవ్వొద్దు. నీళ్లు పెట్టడం, ఆర్డర్ ఎటు నుంచి ఎటు వెళ్తుందో చూడటం చాలు. తెలుగులో ఓ ఇరవై మాటలు నేర్పండి: నీళ్లు, పెరుగు, ఇంకొంచెం, కారం తక్కువ, పార్శిల్, బిల్లు. గోంగూర పచ్చడికీ పండుమిర్చి పచ్చడికీ తేడా తెలియక కస్టమర్ చేత తిట్లు తిన్న కుర్రాడు, ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్పేది ఆ తిట్ల గురించే.

చేతి ఖర్చు సంగతి చాలామంది మర్చిపోతారు. ఇరవయ్యో తారీఖున చేరినవాడికి జేబులో డబ్బుండదు. సబ్బు, రీఛార్జ్, ఖైనీ, అన్నింటికీ అప్పే. మొదటి నెల వారానికి ఐదొందలో వెయ్యో జీతంలోంచే ముందుగా ఇవ్వండి. ఇక చేరినవాడి మొదటి పదిహేను రోజుల జీతం "హోల్డ్" పెట్టే అలవాటు ఉంటే ఈ నెలతోనే మానేయండి. పారిపోకుండా ఉంటాడని అలా పెడతారు. నిజానికి ఆ డబ్బు రాదనుకున్నవాడు ఇంకా తొందరగా పోతాడు. పైగా నెల జీతం మరుసటి నెల ఏడో తారీఖులోపు ఇచ్చి తీరాలన్నది చట్టం. ఆధార్ ఒరిజినల్ మీ దగ్గర పెట్టుకోవడమూ అంతే, కాపీ చాలు.

నాలుగో అడుగు: రూమ్, తిండి

స్టాఫ్ రూమ్‌కి ఓనర్ వెళ్లి ఎన్నాళ్లయిందో అడిగితే చాలామంది తల గోక్కుంటారు. ఈ రోజే వెళ్లండి, రాత్రి పన్నెండింటికి వెళ్తే ఇంకా మంచిది. ఫ్యాన్ల కన్నా ముందు ప్లగ్ పాయింట్లు లెక్కపెట్టండి. పన్నెండు మందికి రెండు ప్లగ్గులుంటే గొడవలు అక్కడే పుడతాయి. ఇంట్లోవాళ్లతో మాట్లాడే ఫోన్‌కి చార్జింగ్ లేకపోవడం మనకి చిన్న విషయం, వాళ్లకి కాదు. బాత్రూమ్ తలుపుకి గడియ ఉందా? డ్యూటీ దిగే వేళకి నీళ్లు వస్తున్నాయా? నల్లులు ఉన్నాయా? పొద్దున్నే లేచే టిఫిన్ సెక్షన్ వాళ్లనీ, అర్ధరాత్రి దిగే తందూరీ వాళ్లనీ ఒకే గదిలో పెడితే ఇద్దరికీ నిద్ర ఉండదు. గదులు షిఫ్టు ప్రకారం విడగొట్టడానికి రూపాయి కూడా ఖర్చు కాదు.

తిండి దగ్గర ఇంకో తిరకాసు ఉంది. "కడుపు నిండా పెడుతున్నాం కదా" అంటారు ఓనర్లు. నిజమే, పెడుతున్నది నిన్న మిగిలిన గ్రేవీ, సాంబారు. పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం) తిని పెరిగిన ఒడియా కుర్రాడికీ, ఆలూ చోఖా మీద ప్రాణం పెట్టే బీహారీకీ మన సాంబారు వారం రోజుల్లో మొహం మొత్తుతుంది. సరుకుల లిస్టులో రెండు లీటర్ల ఆవనూనె కలిపి, వారంలో ఒకటి రెండు పూటలు వాళ్ల వంట వాళ్లనే చేసుకోనివ్వండి. ఎండాకాలంలో పొద్దునపూట చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిర్చి ఉంటే చాలామందికి అదే పండగ. స్టాఫ్ భోజనం గిరాకీకి ముందే అయిపోవాలి. మధ్యాహ్నం నాలుగున్నరకి చల్లారిన అన్నం తిని మళ్లీ ఆరున్నరకి డ్యూటీ ఎక్కడం ఎవరివల్లా ఎక్కువ కాలం కాదు.

ఐదో అడుగు: డబ్బు కళ్లెదుట ఉండాలి

జీతం తేదీ ఒకటి అనుకోండి, ఐదో తారీఖు అనుకోండి, అది మారకూడదు. ఐదు వందలు తక్కువైనా తేదీ తప్పని చోటునే స్టాఫ్ ఎంచుకుంటారు, ఎందుకంటే ఊళ్లో వాయిదాలూ చీటీలూ ఆ తేదీ మీదే నడుస్తుంటాయి.

అడ్వాన్స్‌కి విడిగా ఒక పుస్తకం పెట్టండి. ఇచ్చిన తేదీ, మొత్తం, ఎన్ని నెలల్లో ఎంత చొప్పున కోస్తారో రాసి సంతకమో వేలిముద్రో తీసుకుని, ఆ పేజీ ఫోటో అతని వాట్సాప్‌కి పంపండి. అప్పటిదాకా సంపాదించిన జీతాన్ని మించి ఇవ్వకపోవడం ఇద్దరికీ మంచిది. పెద్ద అడ్వాన్స్ ఇచ్చి కట్టిపడేద్దామనుకుంటే అది మీ మెడకే చుట్టుకుంటుంది. అడ్వాన్స్ తీరేదాకా కదలనివ్వనంటే 1976 నాటి వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం కింద నేరం.

ఇప్పుడు టిప్స్. ఐదేళ్ల కిందటిదాకా బిల్లు ఫోల్డర్లో చిల్లర మిగిలేది. ఇప్పుడు కస్టమర్ క్యూఆర్ కొట్టి 1,240 బిల్లుకి 1,300 పంపిస్తాడు, ఆ 60 ఓనర్ ఖాతాలో కలిసిపోతుంది. సప్లయర్ చూస్తూనే ఉంటాడు. నోరు తెరిచి అడగడు కానీ లెక్క మాత్రం మర్చిపోడు. టిప్స్‌కి వేరే ఖాతా, వేరే క్యూఆర్ పెట్టండి. ప్రతి సోమవారం అందరి ముందూ మొత్తం చదివి పాయింట్ల లెక్కన పంచండి. సప్లయర్‌కి 3, క్లీనర్‌కి 2, కిచెన్ హెల్పర్‌కి 2 పాయింట్లు అనుకుందాం. ఆరుగురు సప్లయర్లు, నలుగురు క్లీనర్లు, ఎనిమిది మంది హెల్పర్లు ఉంటే మొత్తం 42 పాయింట్లు. వారం టిప్స్ 8,400 అయితే పాయింటుకి 200. సప్లయర్‌కి 600, మిగతావాళ్లకి నాలుగేసి వందలు. నెల రోజులు ఇలా నడిపితే క్లీనర్ టేబుల్ తుడిచే వేగంలోనే తేడా కనిపిస్తుంది. అలాగని బిల్లులోనే బలవంతంగా సర్వీస్ చార్జి కలిపి పంచుదామనుకోకండి. అది కుదరదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది.

పీఎఫ్ (భవిష్యనిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా)ల మీద ఓనర్ ఎంత విసుక్కుంటాడో కుర్రాళ్లూ అంతే విసుక్కుంటారు, చేతికొచ్చేది తగ్గుతుందని. పది మందైతే ఈఎస్ఐ, ఇరవై మందైతే పీఎఫ్ ఎలాగూ తప్పవు కాబట్టి, వాటినే నిలబెట్టుకునే సాధనంగా వాడుకోండి. 16,000 జీతానికి ఈఎస్ఐ కింద అతని నుంచి 0.75 శాతం, అంటే 120 రూపాయలు పోతుంది, మీరు 3.25 శాతం, 520 కడతారు. నూనె చిట్లి చెయ్యి కాలితే వైద్యంతో పాటు, పనిచేయలేని రోజులకి జీతంలో 90 శాతం దాకా వస్తుంది. ఊళ్లో ఉన్న భార్యాపిల్లలు అక్కడి డిస్పెన్సరీలోనే చూపించుకోవచ్చు. ఈ మాట ఎవరూ చెప్పరు! కార్డు చేతికిచ్చే రోజున అతని భార్యతో కూడా ఫోన్లో మాట్లాడి వివరించండి. పీఎఫ్ పాస్‌బుక్ ఫోన్లో ఎలా చూడాలో నేర్పితే, కోసినదానికి సమానంగా మీరూ కడుతున్నారని అతనికే కనిపిస్తుంది.

పాత మాస్టర్లకి గ్రాట్యుటీ లెక్క కాగితం మీద వేసి చూపించండి. గ్రాట్యుటీకి లెక్కలోకి వచ్చే జీతం 18,000 ఉండి ఐదేళ్లు పూర్తయితే, నెలకి 26 రోజుల లెక్కన, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున దాదాపు 52 వేలు వస్తుంది. నాలుగో ఏట ఉన్న మాస్టర్‌కి పక్క హోటల్ వాడు రెండు వేలు ఎక్కువిస్తానన్నప్పుడు ఈ కాగితం గుర్తొస్తుంది.

ఆరో అడుగు: సెలవుల క్యాలెండర్

మిగతావన్నీ వదిలేసినా ఇది మాత్రం చేయండి. ప్రతి ఉగాదికి ఒక గోడ క్యాలెండర్ తీసుకుని, మన పండగలు ఎర్ర పెన్నుతో, వాళ్ల పండగలు ఆకుపచ్చ పెన్నుతో గుర్తుపెట్టండి. ఒడిశా వాళ్లకి జూన్ మధ్యలో రజ పండగ, ఆ దగ్గర్లోనే రథయాత్ర. పశ్చిమ ఒడిశా వాళ్లకి వినాయక చవితి మర్నాడు నువాఖాయి. బెంగాలీలకి దుర్గాపూజ, బీహార్ వాళ్లకి దీపావళి అయిన ఆరో రోజు ఛఠ్. ముస్లిం కుర్రాళ్లకి రెండు ఈద్‌లు. ఇవి కాక సంక్రాంతికి మన ఆంధ్రా కుర్రాళ్లంతా హైదరాబాద్ ఖాళీ చేస్తారు.

రెండు రంగులూ పక్కపక్కన పెట్టి చూస్తే చిత్రం తెలుస్తుంది. ఛఠ్ వచ్చేది కార్తీక మాసంలో. అప్పుడు నాన్‌వెజ్ గిరాకీ ఎలాగూ పడిపోతుంది, అయ్యప్ప మాలలు మొదలవుతాయి. బీహారీ స్టాఫ్‌లో సగం మందిని నిశ్చింతగా పంపొచ్చు. రథయాత్ర ఆషాఢంలో. ముహూర్తాలుండవు, ఫంక్షన్ ఆర్డర్లు తక్కువ. చిక్కంతా దసరా దగ్గరే, బెంగాలీలకి ఇంటికి వెళ్లాల్సిన పండగ, మనకి బిర్యానీ అమ్ముడయ్యే పండగ. అందుకే కిచెన్ అంతా బెంగాలీలతో నింపొద్దన్నది. దసరాకి ఆగినవాళ్లకి ఆ వారం రెట్టింపు రోజుకూలీ, తర్వాత కాళీపూజకి పూర్తి సెలవు అని ముందే మాట్లాడుకుంటే సగం మంది ఒప్పుకుంటారు. ఈ ఏడాది ఆగినవాళ్లు వచ్చే ఏడాది ముందు వెళ్లాలి, ఆ వంతుల లిస్టు గోడ మీదే ఉండాలి.

రంజాన్ నెల లెక్క వేరు. హైదరాబాద్‌లో హలీం బట్టీలు వెలిగితే బిర్యానీ మాస్టర్లకి ఎక్కడలేని గిరాకీ. నెల రోజులకి మీరు ఇవ్వలేని డబ్బు వాళ్లకి దొరుకుతుంది. కాదనకండి. ఇద్దరుంటే ఒకరిని పంపి, రెండోవాడికి ఆ నెల ప్రత్యేక బోనస్ ఇవ్వండి. తిరిగొచ్చే తేదీ కాగితం మీద ఉంటే చాలు.

ఇక టికెట్. రైల్వే అడ్వాన్స్ బుకింగ్ 2024 నవంబర్ నుంచి 120 రోజులు కాదు, 60 రోజులే. పండక్కి హౌరా వైపు ఫలక్‌నుమాలోనో, భువనేశ్వర్ వైపు కోణార్క్‌లోనో బెర్తు కావాలంటే రెండు నెలల ముందు పొద్దున్నే కూర్చోవాలి. ఆ పని మీ క్యాషియర్‌కి అప్పగించండి. వెళ్లే టికెట్ డబ్బు అతనిది, తిరుగు టికెట్ మీది. రెండూ అతని పేరు మీద, అతని ఫోన్లో. జనరల్ బోగీలో నిలబడి వెళ్లిన మనిషికి తిరిగి రావడానికి ఒళ్లు రాదు. కన్ఫర్మ్ బెర్తు తేదీతో సహా ఫోన్లో ఉన్నవాడు ఆ తేదీకి సంచి సర్దుకుంటాడు.

వెళ్లే ముందు రోజు బాకీ జీతమంతా ఇచ్చేయండి. ఇక్కడే ఓనర్లకి టెన్షన్. అంతా ఇచ్చేస్తే రాడేమోనని సగం ఆపుతారు. ఆపిన చోట, ఊళ్లో ఇంకో ఏజెంటు వెయ్యి ఎక్కువ చెబితే అటే వెళ్తాడు, ఆగిన డబ్బు ఎలాగూ పోయిందనుకుని. ఆపడానికి బదులు తిరిగొచ్చి పదిహేను రోజులు చేశాక రెండు వేలు ఇస్తామని చెప్పండి. మధ్యలో జోడీ చేత ఒకసారి ఫోన్ చేయించండి, డ్యూటీ గురించి కాకుండా ఇంట్లోవాళ్ల క్షేమం అడగడానికి.

ఏడో అడుగు: నోరు, వారం సెలవు, పై మెట్టు

జీతం చాలక పోయానని చెప్పినవాళ్లలో చాలామంది నిజంగా పోయింది క్యాప్టెన్ తిట్టినందుకే. కస్టమర్ల ముందు "ఒరేయ్" అని పిలవకూడదు, తల్లిని తిట్టకూడదు, చెయ్యి లేపితే ఆ రోజే ఇంటికి. ఈ మూడూ మాస్టర్‌కి కూడా వర్తిస్తాయని మొదటిసారే చూపించాలి. ప్లేటు పగిలితే వంద, లేటైతే రెండొందలు అని ఇష్టమొచ్చినట్టు కోయడమూ ఆపండి. జరిమానాలు నెల జీతంలో 3 శాతం దాటకూడదు, ఏ తప్పుకి ఎంతో ముందే ప్రకటించి ఉండాలి.

వారం సెలవు చట్టంలో ఉన్నదే. నెలకి నాలుగు సెలవులు అమ్ముకుని డబ్బు తీసుకుంటామని కుర్రాళ్లే అడుగుతారు. ఒప్పుకోకండి, మూడో నెలకి ఒళ్లు హూనమై పోతారు.

జీతం మెట్లు కాగితం మీద ఉండాలి: మూడు నెలలకి ఇంత, ఏడాదికి ఇంత, క్లీనర్ నుంచి సప్లయర్, హెల్పర్ నుంచి కటింగ్, అక్కడి నుంచి తందూరీ. "నేర్పితే నేర్చుకుని పోతాడు" అన్న భయం అందరికీ ఉంటుంది. నేర్పకపోయినా పోతాడు, కాకపోతే ఏమీ రాకుండా పోతాడు. మధ్యాహ్నం బ్రేక్‌లో అరగంట దోసె పెనం హెల్పర్‌కి ఇప్పిస్తే, మాస్టర్ రాని రోజు మీ టిఫిన్ కౌంటర్ మూతపడదు.

ఎనిమిదో అడుగు: పోయేవాడిని పంపే పద్ధతి

మానేస్తానన్నవాడికి రెండు పనిదినాల్లో లెక్క తేల్చేయాలి. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ చెప్పేదీ అదే. డబ్బు చేతికొచ్చాక, అతని మీద అధికారం లేని మనిషి, అంటే అకౌంటెంటో ఇంకో బ్రాంచి మేనేజరో, పది నిమిషాలు మాట్లాడాలి. ఎందుకు పోతున్నావని అడిగితే "ఇంట్లో ప్రాబ్లం" అంటాడు. "ఇక్కడ ఏది మారితే మీ తమ్ముడిని పంపిస్తావు?" అని అడగండి, అసలు సంగతి అప్పుడు బయటికొస్తుంది. చెప్పింది మొదటి అడుగులో తెరిచిన పుస్తకంలోనే రాయండి. మళ్లీ పిలవదగ్గవాళ్ల పేర్లకి టిక్ పెట్టి, రెండు నెలలకి ఒకసారి ఫోన్ చేయండి. కొత్త హోటల్లో మొదటి జీతం ఆలస్యమైన వారంలో ఆ ఫోన్ వెళ్తే చాలామంది వెనక్కి వస్తారు.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. మొదటి నెల జీతం తేదీ, రూమ్, టిప్స్ చూసుకోండి. రెండో నెల జోడీ పద్ధతి, అడ్వాన్స్ పుస్తకం. మూడో నెలలో క్యాలెండర్ గోడెక్కాలి, రాబోయే పండగ టికెట్లు బుక్ కావాలి. ప్రతి నెలాఖరున రెండే అంకెలు చూడండి: చేరినవాళ్లలో 30 రోజులు దాటింది ఎంతమంది, ఊరెళ్లినవాళ్లలో చెప్పిన తేదీకి వచ్చింది ఎంతమంది. రెండో అంకె పెరగడానికి కనీసం ఒక పండగ సీజన్ పడుతుంది, మొదటిది మాత్రం రూమ్ బాగుపడిన నెల నుంచే కదులుతుంది.